ఐదేళ్ళ బాబుతో బ్రూవరీకి రెండుసార్లు

గచ్చిబౌలి నుంచి కొండాపూర్ వైపు వెళ్ళే దారిలో ఒక పెద్ద బిల్డింగ్ పై అంతస్తులో ఉన్న, బీరు అక్కడే తయారుచేసి అమ్మే బ్రూవరీకి ఈ చలికాలంలో మేం రెండుసార్లు వెళ్ళాం. రెండుసార్లూ మా బాబు చిన్నూ వెంట ఉన్నాడు. వాడికి ఐదేళ్ళు. అక్కావాళ్ళ పాపకి ఎనిమిది. మొదటిసారి ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాం, రెండోసారి శనివారం సాయంత్రం. అదే చోటు, అదే వంట, వడ్డించిన వాళ్ళు కూడా చాలావరకు వాళ్ళే. ఆదివారం ఇంటికొచ్చాక "మళ్ళీ ఎప్పుడు పోదాం?" అని వాడే అడిగాడు. శనివారం ఇంటికొచ్చాక రాత్రి పదకొండు దాటినా నిద్రపోలేదు.

ఆ చోటు పేరు రాయడం లేదు. అక్కడి మేనేజర్‌తో ఫోన్‌లో మాట్లాడాను, ఆయన ఓపిగ్గా విన్నారు. పైగా మేం పడ్డ ఇబ్బంది ఆ ఒక్క చోటిదే అనుకోవడం లేదు. పిల్లలతో ఇలాంటి చోటికి వెళ్దామా వద్దా అని ఆలోచిస్తున్న వాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు, అసలెందుకు తీసుకెళ్ళామో చెప్పాలి. ఎందుకంటే మా అత్తమ్మ కూడా అదే అడిగింది. "పసి పిల్లగాన్ని తాగేకాడికి తీస్కపోతరా ఎవరన్నా?" అంది. ఆ మాట కొట్టిపారేసేది కాదు. తాగుడు వల్ల పాడైన ఇళ్ళు చూసిన మనిషి ఆమె. నేను పెరిగింది మాత్రం ఇంకో రకంగా.

మాది జనగామ దగ్గర పల్లె. నా చిన్నప్పుడు ఎండ తగ్గాక తాత నన్ను తాటివనానికి తీసుకెళ్ళేవాడు. చెట్ల కింద మగవాళ్ళు, ఆడవాళ్ళు, మాలాంటి పిల్లలు అందరూ కూర్చునేవాళ్ళు. పెద్దవాళ్ళకి లొట్టిలోంచి తాటాకు దొప్పలోకి కల్లు వంపుతుంటే, మా చేతుల్లో గుడాలు పెట్టేవాళ్ళు. ఎండాకాలమైతే ముంజలు. ఎప్పుడైనా పొద్దున్నే వెళ్తే, అప్పుడే దించిన నీరా ఇంకా పులియదు కాబట్టి అది మాకూ పోసేవాళ్ళు. కల్లు మాత్రం ముట్టనిచ్చేవాళ్ళు కాదు. మేం చెట్ల మధ్య పరుగులు పెట్టేవాళ్ళం, తాతవాళ్ళు ఊరి సంగతులు మాట్లాడుకునేవాళ్ళు. అక్కడ కల్లు గీసే గౌడు తాత ఒకాయన ఉండేవాడు. పొద్దు వాలేసరికి మోకు భుజాన వేసుకుని వచ్చి, "పోర్రి ఇగ, పోరగాండ్లను తీస్కొని ఇండ్లకు పోర్రి" అని గట్టిగా అనేవాడు. ఎవరూ చిన్నబుచ్చుకునేవాళ్ళు కాదు. తాత దొప్ప కింద పెట్టి లేచేవాడు. ఇంకాసేపు కూర్చోబెడితే ఇంకో లొట్టి అమ్ముడుపోతుందని ఆయనకి తెలుసు. తెలిసే ఆ మాట అనేవాడు. అది ఎంత పెద్ద విషయమో ఈ శనివారం దాకా నాకు తట్టలేదు.

ఇక మా బావ. అక్క, బావ ఇంగ్లండ్‌లో లీడ్స్‌లో ఉంటారు. అక్కడ ఆదివారం మధ్యాహ్నం పిల్లలతో పబ్బుకి వెళ్ళి భోంచేయడం మామూలే. పాపకి బొమ్మలు, రంగు పెన్సిళ్ళు ఇస్తారట, వెనక తోటలో ఆడుకోనిస్తారట. "మన ఇరానీ హోటల్ ఎట్లనో వాళ్ళకు పబ్బు అట్ల" అన్నాడు బావ. అక్కడా ఎప్పుడూ ఇలా లేదు. ఒకప్పుడు తండ్రికి బీరు తెమ్మని పిల్లల చేతికి జగ్గు ఇచ్చి పంపేవాళ్ళు. 1901లో ఒక చట్టం తెచ్చి, 14 ఏళ్ళలోపు పిల్లలకి సీలు వేసిన సీసాలో తప్ప ఇవ్వకూడదన్నారు. 1908లో ఆ వయసు పిల్లల్ని అసలు బారు గదిలోకే రానివ్వకూడదని ఇంకో చట్టం తెచ్చారు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఇప్పుడున్నది 2003 నాటి లైసెన్సింగ్ చట్టం. దాని ప్రకారం ప్రధానంగా మద్యం తాగడానికే ఉన్న చోటికి 16 ఏళ్ళలోపు వాళ్ళు పెద్దవాళ్ళతోనే రావాలి. చట్టం అనుమతించినా చాలా పబ్బులు సాయంత్రం ఏదో ఒక టైము పెట్టుకుని, ఆ తర్వాత పిల్లలు ఉండకూడదని వాకిట్లోనే బోర్డు పెడతాయని బావ చెప్పాడు. "ఏడు దాటిందంటే మేమే లేస్తం. ఎవ్వరూ చెప్పాల్సిన పని లేదు" అన్నాడు.

అలా మొదటి ఆదివారం వెళ్ళాం.

ఒంటిగంటకి చేరాం. లిఫ్టు దిగగానే ఎదురుగా పెద్ద గాజు గది, అందులో మనిషికంటే ఎత్తున్న స్టీలు ట్యాంకులు ఆరు. చిన్నూ అక్కడే ఆగిపోయాడు. ముక్కు గాజుకి ఆనించి, "అమ్మా, ఇవి పాల ట్యాంకులా?" అన్నాడు. వాడు విజయ డెయిరీ బండి చూశాడు కాబట్టి అలా అనిపించినట్టుంది. మాకు టేబుల్ చూపించడానికి వచ్చిన అబ్బాయి ఖమ్మం వైపువాడు, ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్ళు ఉంటాయి. నవ్వి ఊరుకోలేదు. లోపలికి వెళ్ళి చిన్న స్టీలు గిన్నెలో గుప్పెడు గింజలు తెచ్చి చిన్నూ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఇది బార్లీ నాన్నా. నానబెట్టి, మొలకలొచ్చాక ఎండబెడతారు. నమిలి చూడు" అన్నాడు. చిన్నూ నా వంక చూశాడు. సరే అన్నాను. రెండు గింజలు నోట్లో వేసుకుని మెల్లగా నమిలాడు. వాడి కళ్ళు పెద్దవయ్యాయి. "తియ్యగుంది! నానమ్మ రాగిజావ వాసన వస్తోంది" అన్నాడు.

నిజమే. రాగులు మొలకెత్తించి ఎండబెట్టి పిండి కొట్టడం మా ఇంట్లో ఏటా చేసే పనే. మొలకెత్తినప్పుడు గింజలోని పిండి పదార్థం చక్కెరగా మారే ఏర్పాటు మొదలవుతుంది, అందుకే ఆ తీపి. ఆ గింజల్ని వేడినీళ్ళలో నానబెట్టి తీసిన తీపి నీళ్ళని హాప్స్ పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపితే ఆ ట్యాంకుల్లో పులుస్తుందని ఆ అబ్బాయి ఐదేళ్ళ పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పాడు. "దోశపిండి పొంగదా, అట్లనే. పొంగినంక అది పెద్దవాళ్ళది. నీకు 21 ఏళ్ళు వచ్చినంక నేనే పోస్తా" అన్నాడు. తెలంగాణలో 21 నిండనివాళ్ళకి మద్యం అమ్మకూడదన్న చట్టాన్ని ఇంత మర్యాదగా ఒక పిల్లాడికి చెప్పిన మనిషిని నేను చూడలేదు. ఆ సంగతి మేనేజర్‌కి కూడా చెప్పాను.

ఆ మధ్యాహ్నం మూడొంతుల టేబుళ్ళు కుటుంబాలవే. పాటలు నెమ్మదిగా వస్తున్నాయి, అవతలివైపు కూర్చున్న బావ మాట మామూలు గొంతుతోనే వినిపిస్తోంది. డాబా మీద ఎండ, కుండీల్లో మొక్కలు. పిల్లలిద్దరూ నీళ్ళ గ్లాసులు పట్టుకుని ట్యాంకులు లెక్కపెట్టడానికి నాలుగుసార్లు వెళ్ళొచ్చారు. ప్రతిసారీ ఎవరో ఒకరు వాళ్ళ మీద కన్నేసి ఉంచడం గమనించాను.

వంట గురించి. అపోలో ఫిష్ చాలా బాగుంది. చేప మెత్తగా ఉంది, పైన కరివేపాకు, పచ్చిమిర్చి తాలింపు ఘాటుగా, పెరుగు పులుపు సరిగ్గా తగిలింది. చికెన్ 65 మాత్రం ఎర్రరంగే ఎక్కువ. పిజ్జా పరవాలేదు. బావ గోధుమ బీరు తాగాడు, బాగుందన్నాడు. మావారు నల్లటి స్టౌట్ ఒక గుక్క తాగి పక్కన పెట్టి, కాఫీ డికాక్షన్‌లా ఉందన్నారు. నేను తాగను, కాబట్టి దాని గురించి చెప్పలేను. మెనూలో పిల్లలకంటూ పాస్తా, ఫ్రెంచ్ ఫ్రైస్ తప్ప ఏమీ లేవు. పెరుగన్నం దొరుకుతుందా అని అడిగితే పదిహేను నిమిషాల్లో వేడన్నంలో పెరుగు కలిపి, దానిమ్మ గింజలు చల్లి, తాలింపులో ఎండుమిర్చి లేకుండా తెచ్చారు. బిల్లులో దానికి 220 రూపాయలు వేశారు. ఎక్కువే, కానీ చిన్నూ గిన్నె ఖాళీ చేశాడు.

ఆదివారం నాకు నచ్చనిది ఒక్కటే, బాత్రూమ్. వాష్ బేసిన్ వాడి తలకంటే ఎత్తులో ఉంది. ఎక్కి నిలబడటానికి చిన్న పీట కూడా లేదు. వాడిని ఎత్తుకుని చేతులు కడిగిస్తే నా చొక్కా ముందంతా తడిసింది. రెండొందల రూపాయల ప్లాస్టిక్ స్టూల్‌తో పోయే ఇబ్బంది ఇది.

మూడు వారాల తర్వాత అక్కావాళ్ళు తిరిగి వెళ్ళే ముందు శనివారం మళ్ళీ అక్కడికే పోదామన్నారు. పగలు వీలు పడలేదు. నేనే ఫోన్ చేశాను. "ఆరున్నరకి ఐదుగురు పెద్దవాళ్ళం, ఇద్దరు పిల్లలు. చిన్నవాడికి ఐదేళ్ళు. పరవాలేదా?" అని అడిగాను. "పరవాలేదు మేడమ్, మన దగ్గర ఫ్యామిలీ సెక్షన్ ఉంది" అన్నారు. మళ్ళీ అడిగాను, "శనివారం కదా, సౌండ్ ఎక్కువుంటుందా?" అని. "లేదు లేదు, ఫ్యామిలీస్ వస్తారు మేడమ్" అన్నారు.

ట్రాఫిక్ వల్ల ఏడు దాటాక చేరాం. గాజు గది లైట్లు ఆర్పేశారు, ట్యాంకులు కనబడటం లేదు. ఫ్యామిలీ సెక్షన్ అంటే నాలుగు టేబుళ్ళ పైన వేలాడుతున్న ఒక చెక్క బోర్డు, అంతే. మధ్యలో గోడ లేదు, తలుపు లేదు. మా టేబుల్‌కి పన్నెండు అడుగుల దూరంలో, సరిగ్గా పిల్లలు కూర్చున్న ఎత్తులో పెద్ద స్పీకర్ ఉంది. ఏడున్నరకి డీజే మొదలుపెట్టాడు.

నా ఉద్యోగం గురించి ఇక్కడ చెప్పాలి. నేను ఆడియాలజిస్టుని. కూకట్‌పల్లిలో ఒక క్లినిక్‌లో పదకొండేళ్ళుగా వినికిడి పరీక్షలు చేస్తున్నాను. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ ఎప్పుడూ ఉంటుంది. అది క్లినిక్ మీటరంత కచ్చితంగా ఉండదు, రెండు మూడు డెసిబెల్స్ అటూ ఇటూ అవుతుంది. ఏడుంబావుకి 82 చూపించింది. ఏడూ నలభైకి 93. ఎనిమిదికి 97.

ఈ అంకెలకి అర్థమేంటంటే, రోజంతా శబ్దంలో పనిచేసే పెద్దవాళ్ళకి 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు హద్దు అని లెక్క. ప్రతి మూడు డెసిబెల్స్ పెరిగితే ఆ టైము సగమవుతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు, 94 అయితే గంట, 97 అయితే అరగంట. ఇది పెద్దవాళ్ళ లెక్క. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినే విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ దాకా పరవాలేదంటుంది, పిల్లలకి మాత్రం అదే 40 గంటలకి 75 అంటుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నని కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. చర్మం గీరుకుపోతే మానుతుంది, ఇది మానదు. రోజూ క్లినిక్‌లో తల్లిదండ్రులకి ఈ మాట చెప్పే నేను, నా కొడుకుని ఆ స్పీకర్ ముందు కూర్చోబెట్టి అరగంట పైనే ఆగాను. ఆర్డర్ ఇచ్చేశాం కదా, అక్కావాళ్ళు మళ్ళీ రెండేళ్ళకి గానీ రారు కదా అనుకున్నాను. అది నా తప్పు, దాన్ని ఎవరి మీదా వెయ్యను.

అప్పుడు చూసిందొకటి ఇప్పటికీ కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. చిన్నూ రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. ఫ్రెంచ్ ఫ్రైస్ వచ్చాయి. వాడికి చాలా ఇష్టం, ఆకలి మీద కూడా ఉన్నాడు. చేతులు తీస్తే చప్పుడు. అందుకని చేతులు చెవుల మీదే ఉంచి, ముందుకు వంగి, నోటితోనే ప్లేటులోంచి ఒక్కొక్కటి అందుకుని తిన్నాడు. ఏడవలేదు, మారాం చేయలేదు. అలాగే నాలుగైదు తిన్నాడు. అక్క చూసి, "అయ్యో, వాన్ని ఎత్తుకో ముందు" అంది. ఒళ్ళోకి తీసుకుని వాడి చేతుల మీద నా చేతులు కప్పాను. వాడి గుండె వేగంగా కొట్టుకోవడం నా చేతికి తెలుస్తోంది.

పక్క టేబుల్ దగ్గర ఎనిమిది మంది కుర్రవాళ్ళు, అమ్మాయిలు ఎవరిదో పుట్టినరోజు చేసుకుంటున్నారు. కేకు తెచ్చారు, దాని మీద నిప్పురవ్వలు చిమ్మే క్యాండిల్. వాళ్ళలో ఒకమ్మాయి మావైపు చూసి, లేచి వచ్చి నా చెవి దగ్గర వంగి, "అక్కా, మేం డిస్టర్బ్ చేస్తున్నామా? బాబు భయపడుతున్నాడా?" అని అడిగింది. వెళ్ళి వాళ్ళవాళ్ళకి ఏదో చెప్పింది. వాళ్ళు క్యాండిల్ వెలిగించకుండా, అరుపుల్లేకుండా కేకు కోసుకున్నారు. ఆ అమ్మాయికి నేను రుణపడి ఉన్నాను. కానీ ఆ పిల్ల అలా అడగాల్సిన అవసరం ఎందుకొచ్చింది? వారమంతా పనిచేసి, శనివారం రాత్రి స్నేహితులతో గట్టిగా పాడుకుందామని, అందుకు డబ్బు కట్టి వచ్చారు వాళ్ళు. వాళ్ళ ముందు ఒక పసిపిల్లాడు చెవులు మూసుకుని కూర్చుంటే ఏ మనసున్న మనిషి ఆనందంగా అరవగలడు? ఆ రాత్రి మా వల్ల వాళ్ళ పండగ సగమైంది. పిల్లలు వద్దు అనే హక్కు ఆ రాత్రి వాళ్ళకి ఉంది. ఆ మాట వాళ్ళ తరఫున చెప్పాల్సింది ఆ చోటు నడిపేవాళ్ళు.

వాళ్ళు చెప్పారు, కానీ ఎనిమిదీ ఇరవైకి. బిర్యానీ ఆర్డర్ తీసుకున్న పది నిమిషాలకి కెప్టెన్ వచ్చి, "మేడమ్, ఎనిమిదిన్నర తర్వాత పిల్లలు ఉండకూడదు, రూల్" అన్నాడు. ఆ రూల్ ఫోన్‌లో చెప్పలేదు. వాకిట్లో రాసిలేదు. లోపలికి పంపిన సెక్యూరిటీ అతను చెప్పలేదు. బిర్యానీ పార్సిల్ కట్టించుకున్నాం. బాబుని బాత్రూమ్‌కి తీసుకెళ్తే బేసిన్ దగ్గర ఒకామె వాంతి చేసుకుంటోంది, ఆమె స్నేహితురాలు వీపు నిమురుతోంది. "ఆంటీకి జ్వరమా?" అని చిన్నూ అడిగాడు. అవునన్నాను.

మమ్మల్ని వెళ్ళమన్నందుకు నాకు కోపం లేదు. వెళ్ళమనడమే సరైనది. రానివ్వడం తప్పు. నేను ఫోన్‌లో ఐదేళ్ళ బాబు అని చెప్పినప్పుడే, "శనివారం సాయంత్రం వద్దు మేడమ్, రేపు మధ్యాహ్నం రండి" అనాల్సింది. అలా అంటే ఒక్క నిమిషం నొచ్చుకునేదాన్నేమో, మరుసటి రోజు పొద్దున్నే ఫోన్ చేసి టేబుల్ బుక్ చేసుకునేదాన్ని. గౌడు తాత అన్నట్టు అనాల్సిన మాట అది. ఒక టేబుల్ బిల్లు పోతుందని అనలేదు.

మన ఊళ్ళో పిల్లలు, పబ్బులు అనగానే అందరికీ 2022 మే నెల గుర్తొస్తుంది. జూబ్లీహిల్స్‌లో ఒక పబ్బులో పగటిపూట పార్టీకి వెళ్ళిన మైనర్ బాలిక మీద ఆ తర్వాత కారులో జరిగిన అఘాయిత్యం. ఆ భయం న్యాయమైనదే. అమ్మానాన్నలు లేకుండా పదహారు, పదిహేడేళ్ళ పిల్లల్ని పార్టీకి రానివ్వడం ఒకటి, పట్టపగలు అమ్మ పక్కన కూర్చుని పెరుగన్నం తినే పిల్లాడు ఇంకొకటి. రెండింటినీ ఒకే గాటన కట్టి "మైనర్లకి నో" అని బోర్డు పెట్టేసి, ఆదివారం బిల్లుల కోసం మళ్ళీ చూసీచూడనట్టు వదిలేస్తే ఎవరికీ మేలు జరగదు. ఎప్పుడు వద్దో స్పష్టంగా చెప్పాలి, ఆ మాట మీద నిలబడాలి.

చప్పుడు గురించి మనకి నియమాలున్నాయి. శబ్ద కాలుష్యం మీద 2000లో కేంద్రం తెచ్చిన నియమాల్లో పగటికి ఒక హద్దు, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా అంతకంటే తక్కువ హద్దు ఉన్నాయి. 2022 సెప్టెంబర్‌లో జూబ్లీహిల్స్ పబ్బుల విషయంలో మన హైకోర్టు కూడా పది తర్వాత మ్యూజిక్ వద్దంది. అవి చుట్టుపక్కల ఇళ్ళలో నిద్రపోయేవాళ్ళ కోసం వచ్చినవి, రావాల్సినవే. రాత్రి ఎనిమిదికి స్పీకర్ ముందున్న ఐదేళ్ళ చెవి గురించి అవి ఏమీ చెప్పవు. అది మనమే చూసుకోవాలి, పిలిచినవాళ్ళు కూడా చూసుకోవాలి.

ఆ రాత్రి పడుకోబెట్టాక లైటు తీసేస్తే చిన్నూ లేచి కూర్చున్నాడు. "అమ్మా, చెవిలో ఈగ ఉంది" అన్నాడు. టార్చి వేసి చూశాను, ఏమీ లేదు. అది లోపలి గుయ్ మనే మోత అని నాకు వెంటనే అర్థమైంది. క్లినిక్‌లో ఎంతమంది నోట విన్నానో, ఆ మాట నా కొడుకు నోట వినడం వేరు. "పోతుంది నాన్నా, పొద్దున్నకల్లా ఎగిరిపోతుంది" అని చెప్పి వాడి పక్కనే పడుకున్నాను. నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్న లేవగానే "ఈగ పోయిందా?" అని అడిగితే, చెయ్యి చెవి మీద పెట్టుకుని విని, పోయిందన్నాడు.

సోమవారం వాడిని క్లినిక్‌కి తీసుకెళ్ళాను. సొంత పిల్లాడికి నేను చెయ్యకూడదని నాతో పనిచేసే అమ్మాయిని అడిగాను. ఆ వయసు పిల్లలకి ఆటలాగా చేస్తాం. చెవికి హెడ్‌ఫోన్లు పెట్టి, కూత వినిపించినప్పుడల్లా ఒక చెక్క దిమ్మని డబ్బాలో వెయ్యమంటాం. కూత తగ్గుతూ పోతుంది. నేను గాజు ఇవతల నిలబడి చూశాను. ప్రతి దిమ్మ డబ్బాలో పడుతుంటే ఊపిరి పీల్చుకున్నాను. అన్నీ నార్మల్. ఒక్క సాయంత్రంతో సాధారణంగా శాశ్వత నష్టం కనిపించదని నాకు తెలుసు, అయినా చూసుకునేదాకా మనసు ఊరుకోలేదు. వారం వారం తీసుకెళ్ళేవాళ్ళ సంగతే నాకు దిగులు.

మేనేజర్‌తో మంగళవారం మాట్లాడాను. ఫోన్ ఎత్తేవాళ్ళకి పిల్లల టైము చెప్పమని నేర్పించమన్నాను. వాకిట్లో తెలుగులో, ఇంగ్లీషులో రాసిపెట్టమన్నాను. ఫ్యామిలీ సెక్షన్ అన్న బోర్డు రాత్రిపూట తీసెయ్యమన్నాను, అది అబద్ధం కాబట్టి. బాత్రూమ్‌లో పీట వెయ్యమన్నాను. ఆయన అన్నీ రాసుకున్నారు. ఫోన్ సంగతి వెంటనే సరిచేస్తామన్నారు. బోర్డు గురించి మాట ఇవ్వలేదు.

బిల్లు సంగతి కూడా. ఆదివారం మొత్తం 6,340 అయింది. భోజనం మీద 5 శాతం జీఎస్టీ, బీరు మీద వ్యాట్ విడిగా ఉంటాయి, అవి ప్రభుత్వానివి, తప్పవు. రెండుసార్లూ సర్వీస్ ఛార్జ్ 10 శాతం వాళ్ళే వేశారు. అది అలా వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. అడిగితే గొడవ లేకుండా తీసేశారు. ఆదివారం ఆ డబ్బు ఖమ్మం అబ్బాయి చేతికే ఇచ్చాం.

పిల్లలు వెంట ఉంటే బండి నడిపేవాళ్ళు ఒక్క చుక్క కూడా తాగకండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, కానీ నేను చెప్పేది కేసు గురించి కాదు. వెనక సీట్లో నిద్రపోతున్నవాళ్ళ గురించి. ఆదివారం గుక్కెడు స్టౌట్ తాగినందుకు మావారు కారు ముట్టుకోలేదు, నేనే నడిపాను.

నా మార్కులు: ఆదివారం మధ్యాహ్నానికి ఐదుకి నాలుగు. శనివారం సాయంత్రం పిల్లలతో అయితే ఒకటి, అది కూడా బిర్యానీకి. పిల్లలు లేకుండా వెళ్ళే కుర్రవాళ్ళకి శనివారం బాగానే ఉంటుందనిపించింది, డీజే పాటలు మంచివే వేశాడు.

వెళ్ళేవాళ్ళు ఒంటిగంటలోపు చేరండి, నాలుగుకల్లా లేవండి. గాజు గది పక్కన గోడవైపు టేబుల్ అడగండి, స్పీకర్లకి దూరంగా ఉండేది అదే. పెరుగన్నం మెనూలో ఉండదు, ఎండుమిర్చి వద్దని చెప్తే అలాగే చేసిస్తారు. చేతులు కడగడానికి పిల్లల్ని ఇంకా ఎత్తుకోవాల్సిందే, చొక్కా జాగ్రత్త.